పగవాడికి కూడా వద్దు

మన పెద్దవాళ్ళకి ఊతపదంలాంటి మాటొకటి వుండేది. ఎవరింట్లోనైనా తీరని కష్టం వచ్చిపడిందని వింటే చాలు, బుగ్గన చెయ్యి వేసుకుని "ఈ కష్టం పగవాడికి కూడా వద్దమ్మా!" అనేవారు. అనడం సులువే. నిజంగా పగవాడికే ఆ కష్టం వచ్చినప్పుడు మనం ఏం చేస్తామన్నది అసలు సంగతి. మనకి పడని ఎదురింటివాళ్ళకి అప్పులవాళ్ళు తాళం వేశారని తెలిస్తే, "అయ్యో పాపం" అన్న నోటితోనే "ఆ ఆర్భాటాలు చూసినప్పుడే అనుకున్నాన్లెండి" అనకుండా వుండగలిగినవాళ్ళు ఎంతమంది చెప్పండి?

ఈ మాటకి పరీక్ష పెట్టిన కథలు ఫుట్‌బాల్ చరిత్రలో చాలా వున్నాయి. "ఆటల గొడవ మాకెందుకండీ" అని పేజీ తిప్పెయ్యకండి. మీకు గోలంటే ఏమిటో తెలిస్తే చాలు, మిగతాదంతా ఇళ్ళూ, అప్పులూ, ఇరుగుపొరుగుల గొడవే.

ముందు ఇంగ్లండులో ఫుట్‌బాల్ క్లబ్బంటే ఏమిటో చెప్పాలి. అక్కడి పాత క్లబ్బుల్లో చాలావాటిని 19వ శతాబ్దం చివర్లో కార్ఖానాల పనివాళ్ళూ, చర్చికి వెళ్ళే కుర్రాళ్ళూ చేరి పెట్టుకున్నారు. తాత చిటికెన వేలు పట్టుకుని తండ్రి వెళ్ళిన మైదానానికే ఇప్పుడు తండ్రి వేలు పట్టుకుని పిల్లలు వెడతారు. ఉద్యోగం మారినా, వూరు మారినా, ఆఖరికి మొగుడు మారినా జట్టు మాత్రం మారదు! పోయాక తమ చితాభస్మం ఆ గడ్డి మీదే చల్లమని చెప్పి పోయేవాళ్ళు కూడా వున్నారు. మనకి గోదావరి ఎలాగో వాళ్ళకి ఆ గడ్డి అలాగ.

కానీ చట్టం దృష్టిలో క్లబ్బు ఒక కంపెనీ. దానికి వాటాలుంటాయి, అప్పులుంటాయి, యజమాని వుంటాడు. వూరువూరంతా మాది అనుకునే ఆస్తిని ఒక్క మనిషి సంతకం పెట్టి అమ్మేయవచ్చు. కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

బ్రైటన్ అని ఇంగ్లండు దక్షిణపు సముద్రపు ఒడ్డున వూరు. లండను వాళ్ళు గాలి మార్పుకి వెళ్ళే చోటు. అక్కడి క్లబ్బు 1901లో పుట్టింది. 1902 నించి గోల్డ్‌స్టోన్ అనే మైదానంలో ఆడేది. 1983లో ఎఫ్.ఎ. కప్పు ఫైనల్ దాకా వెళ్ళి, మాంచెస్టర్ యునైటెడ్‌తో మొదట 2-2గా సమం చేసి, మళ్ళీ ఆడించినప్పుడు ఓడిపోయింది. ఆ ఏడాదే పై తరగతి నించి కిందికి జారింది. అక్కణ్ణించి అప్పులు పెరిగాయి, జనం తగ్గారు.

చివరికి క్లబ్బు అజమాయిషీ ఒక వ్యాపారి చేతికి వచ్చింది. ఆయన దానికి పెట్టిన సొమ్ము 56 పౌన్ల 25 పెన్నీలు. మనవైపు ఒక మోస్తరు పట్టుచీర ఖరీదు కూడా కాదు! క్లబ్బుకి అప్పులున్న మాట నిజమే గానీ, వూరి నడుమ ఎకరాలకొద్దీ మైదానం కూడా వుందిగా. బంతాటకి ఇస్తే ఆ నేల మీద వచ్చేది టిక్కెట్ల డబ్బులు. దుకాణాలకి ఇస్తే లక్షల పౌన్లు. 1995లో స్థానిక పత్రిక ఒకటి గుట్టు బయటపెట్టింది. మైదానం అమ్మకానికి ఒప్పందం కుదిరిపోయింది, జట్టు తరవాత ఎక్కడ ఆడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. అల్లుడికి ఇల్లు అమ్మిపెట్టి, అత్తగారిని ఎక్కడుంచాలో ఆలోచించనట్టు.

జనం వూరుకోలేదు. 1996 ఏప్రిల్లో యార్క్ సిటీతో ఆట మొదలైన 16 నిమిషాలకే మైదానంలోకి దిగి గోలు స్తంభాలు విరిచేశారు. ఆట ఆగిపోయింది. ఎలాగో మరో ఏడాదికి అదే మైదానం అద్దెకి దొరికింది. మరుసటి సీజన్లో ఇంకోసారి మైదానంలోకి దూసుకువచ్చినందుకు జట్టుకి 2 పాయింట్లు కోత పడ్డాయి. అప్పటికే అన్నిటికన్నా అడుగున వున్న జట్టు అది. అక్కడ పై మెట్టు నించి కింది మెట్టు దాకా 92 జట్లు. అట్టడుగున నిలిచిన జట్టు లీగు నించే బయటికి పోతుంది. అలా పోయిన జట్టుకి జనం రారు, డబ్బు రాదు. మైదానం లేని జట్టయితే ఇక తేరుకోవడం కల్ల.

ఇక్కడ బ్రైటన్ వాళ్ళ పగవాళ్ళ సంగతి చెప్పాలి. వాళ్ళు క్రిస్టల్ పాలెస్ జట్టువాళ్ళు. వుండేది దక్షిణ లండనులో, 40 మైళ్ళకి పైనే దూరం. పక్కపక్క వూళ్ళు కావు, మతం గొడవ లేదు, కులం గొడవ అసలే లేదు. మరి పగ ఎలా వచ్చిందయ్యా అంటే, 1976లో రెండు జట్లూ ఒకే కప్పు కోసం మూడుసార్లు తలపడవలసి వచ్చింది. మూడోసారి బ్రైటన్ ఓడింది. కడుపు మండిన బ్రైటన్ మేనేజరు ముల్లరీ గారు జేబులో చిల్లర తీసి నేలకేసి కొట్టి, పాలెస్ వాళ్ళ విలువ ఇంతేనన్నాడు. అంతే! చిల్లర ఎవరు ఏరుకున్నారో గానీ పగ మాత్రం నిలిచిపోయింది. పాలెస్ వాళ్ళు తమని గద్దలమని చెప్పుకుంటే, బ్రైటన్ వాళ్ళు మేము సీగల్స్‌మి అన్నారు, అవే, సముద్రపు ఒడ్డున అరుచుకుంటూ తిరిగే తెల్లపిట్టలు. పిల్లల పోట్లాటలా లేదూ? కానీ ఆ పోట్లాటలో పుట్టిపెరిగిన పిల్లలకి మళ్ళీ పిల్లలు పుట్టారు.

1997 మొదట్లో బ్రైటన్ పరిస్థితి చూసి మనసు కరిగినవాడు ఒక కుర్రాడు. వాడు బ్రైటన్ వాడు కాదు. ఎక్కడో పశ్చిమాన వున్న ప్లిమత్ జట్టు అభిమాని. "అన్ని జట్ల వాళ్ళమూ ఒకరోజు ఎవరి చొక్కాలు వాళ్ళం వేసుకుని బ్రైటన్ మైదానానికి ఎందుకు వెళ్ళకూడదు?" అన్నదే వాడి ఆలోచన. చిన్నవాడి నోట వచ్చిన మాట నిప్పురవ్వలా పాకింది. 1997 ఫిబ్రవరి 8న హార్టిల్‌పూల్‌తో ఆట. ఆ రోజుకి "అభిమానుల ఐక్యత" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

వచ్చారండీ! ఎక్కడెక్కడి నించో, సముద్రం దాటి ఐరోపా నించి కూడా వచ్చారు. మామూలు వారాల్లో సగం ఖాళీగా వుండే మెట్ల మీద ఎనిమిది వేల మందికి పైగా జనం. ఎర్రచొక్కా పక్కన నీలం, నీలం పక్కన పసుపు. పక్కవారం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోబోయే వాళ్ళంతా ఆ మధ్యాహ్నం ఒకే జట్టు కోసం గొంతు చించుకున్నారు. వాళ్ళలో క్రిస్టల్ పాలెస్ చొక్కాలు కూడా కనిపించాయి. అడుగున కూరుకుపోయిన బ్రైటన్ ఆ రోజు 5-0 తేడాతో గెలిచింది.

వాళ్ళెందుకు వచ్చారు? జాలి ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. ఇవాళ బ్రైటన్ మైదానం దుకాణాల పాలైతే రేపు తమదీ అంతేనన్న భయం కూడా వుంది. పొరుగింటి గోడ కాలుతుంటే బిందె పట్టుకుని పరుగెత్తేది పొరుగువాడి మీద ప్రేమతోనా, మన పూరికప్పు మీద బెంగతోనా? రెండూను. ఆ బిందెలో నీళ్ళు మాత్రం ఎటు పోసినా తడుస్తాయి.

1997 ఏప్రిల్ 26న గోల్డ్‌స్టోన్‌లో ఆఖరి ఆట. డాంకాస్టర్ మీద 1-0తో గెలిచి, జనం ఏడుస్తూ ఆ గడ్డిని పెళ్ళగించి ఇంటికి పట్టుకుపోయారు. ఆ డాంకాస్టర్ వాళ్ళ కథ ఇంకో విషాదం. వాళ్ళ క్లబ్బుని చేతిలో పెట్టుకున్న మనిషి 1995లో మైదానంలోని స్టాండుకి కిరాయి మనిషి చేత నిప్పు పెట్టించాడు. 1999లో కోర్టు ఆయనకి నాలుగేళ్ళు జైలు వేసింది. చూశారా, ఆఖరి రోజున గోల్డ్‌స్టోన్ గడప తొక్కిన చుట్టం కూడా ఇల్లు కాలినవాడే.

వారం తర్వాత, మే 3న, అసలు పరీక్ష. హియర్‌ఫర్డ్ అనే చిన్న వూళ్ళో, వాళ్ళతోనే ఆట. రెండు జట్లలో ఒకటి లీగు నించి పోవాలి. బ్రైటన్ ఆటగాడే పొరపాటున సొంత గోల్లోకి బంతి కొట్టాడు. గంట దాటాక రైనెల్ట్ అనే ఆటగాడు గోలు కొట్టి 1-1 చేశాడు. అలాగే ముగిసింది. ఇద్దరికీ 47 పాయింట్లు. అప్పటి నిబంధన ప్రకారం సీజన్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళది పైచేయి. బ్రైటన్‌కి 53, హియర్‌ఫర్డ్‌కి 50. లెక్క సరిగ్గా చూడండి. పరాయి జట్లవాళ్ళు వచ్చి కేకలు పెట్టిన ఆ ఒక్కరోజున కొట్టినవి 5 గోల్స్. ఆ రోజు ఒక్క గోలుతో గెలిచి వుంటే మొత్తం 49 అయ్యేది, బ్రైటన్ మునిగిపోయేది.

ఇక్కడితో ఆపేస్తే చక్కని కథ. కానీ హియర్‌ఫర్డ్ సంగతో? 1972లో, లీగులో లేని రోజుల్లోనే, న్యూకాసిల్ లాంటి పెద్ద జట్టుని 2-1తో ఓడించి దేశాన్ని ఆశ్చర్యపరచిన వూరది. ఆ మే సాయంత్రం వాళ్ళు వాళ్ళ మైదానంలోనే కూర్చుని ఏడ్చారు. తర్వాత 2006లో లీగుకి తిరిగి వచ్చారు గానీ నిలదొక్కుకోలేకపోయారు. 2014 డిసెంబరులో అప్పుల కింద కోర్టు ఆ క్లబ్బుని మూసేయించింది. ఒకరిని ఒడ్డుకి లాగిన చెయ్యి, తెలియకుండానే మరొకరిని నీళ్ళలోకి నెట్టింది. ఎవరి తప్పూ లేదు. అడుగుమెట్టు మీద ఒక్కరికే చోటుంది మరి.

పగవాడికి సాయం చేసిన ఇంకో కథ జర్మనీది. హాంబర్గ్ రేవు పక్కన పనివాళ్ళ పేటలో సెయింట్ పౌలి అని ఓ పేద జట్టు. 2002 ఫిబ్రవరిలో, ప్రపంచ విజేతగా వున్న శ్రీమంతుల జట్టు బయర్న్ మ్యూనిక్‌ని 2-1తో ఓడించింది. "జగజ్జేతని జయించినవాళ్ళం" అని చొక్కాల మీద అచ్చువేయించుకుని తెగ మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. ఏడాది తిరిగేసరికి మూడో తరగతికి పడిపోయింది, చేతిలో డబ్బు లేదు. అప్పుడు 2003 జులైలో సహాయార్థం ఆడడానికి వచ్చిందెవరో తెలుసా? ఆ బయర్న్ వాళ్ళే! పైసా పుచ్చుకోకుండా ఆడారు. సెయింట్ పౌలి వాళ్ళు అమ్ముకుంటున్న "రక్షకుడు" అన్న చొక్కాని బయర్న్ మేనేజరు హోనెస్ తనే తొడుక్కుని నిలబడ్డాడు. డార్ట్‌మండ్ అనే మరో ప్రత్యర్థి దివాలా అంచున వున్నప్పుడు కూడా బయర్న్ వాళ్ళు 20 లక్షల యూరోలు చేబదులిచ్చారు. కోలుకున్న డార్ట్‌మండ్ 2011లోనూ 2012లోనూ వాళ్ళ కళ్ళ ముందే ఛాంపియన్‌షిప్పు ఎగరేసుకుపోయింది.

ఇంతవరకూ చదివి "మనుషులు ఎంత మంచివాళ్ళో" అనుకుంటే, గ్లాస్గో వెళ్ళి చూడాలి. స్కాట్లండులోని ఆ నగరంలో రెండు జట్లు. 1872లో పుట్టిన రేంజర్స్, ప్రొటెస్టెంట్ల అభిమాన జట్టు. 1887లో, ఐర్లండు నించి వలస వచ్చిన కాథలిక్ పేదల సాయం కోసం పెట్టిన సెల్టిక్. వీళ్ళ పగ చిల్లర విసిరితే వచ్చింది కాదు, తరాల నాటిది.

2011లో రేంజర్స్‌ని ఒకాయన ఒక్క పౌనుకి కొన్నాడు. పాత అప్పు తీర్చడానికి, రాబోయే ఏళ్ళ టిక్కెట్ల ఆదాయాన్ని ముందే తాకట్టు పెట్టి డబ్బు తెచ్చాడు. ఇంకా పండని పంట మీద అప్పు తెచ్చి ఇల్లు కొన్నట్టు. ఆటగాళ్ళ జీతాల్లోంచి పట్టుకున్న పన్ను కూడా ప్రభుత్వానికి కట్టలేదు. 2012 ఫిబ్రవరి 14న లెక్కలు అధికారుల చేతికి వెళ్ళాయి. జూన్‌లో పన్నుల శాఖ రాజీకి ఒప్పుకోలేదు. అంతే, 140 ఏళ్ళ క్లబ్బుని నడుపుతున్న కంపెనీ మూతపడింది.

సెల్టిక్ వాళ్ళేం చేశారు? రేంజర్స్ చచ్చిన రోజున జెల్లీ, ఐస్‌క్రీమ్ తింటామని పాట కట్టి పాడుకున్నారు. అక్కడ చిన్నపిల్లల పుట్టినరోజున పెట్టే తాయిలాలవి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వీళ్ళు చుట్టతో సరిపెట్టుకోక విందే చేసుకున్నారు. ఇందులో ఇంకో చమత్కారం వుంది. 1994 మార్చిలో ఇదే సెల్టిక్ దివాలాకి నిమిషాల దూరంలో నిలబడితే, ఫెర్గస్ మకాన్ అనే ఆయన డబ్బుతో వచ్చి నిలబెట్టాడు. పద్ధెనిమిదేళ్ళకి అదంతా మర్చిపోయారు గాబోలు.

అయితే అంతా కక్షేనని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. రేంజర్స్ ఆస్తులు కొన్న కొత్త కంపెనీ, మమ్మల్ని పై తరగతిలోనే వుండనివ్వండని అడిగింది. ఒప్పుకోకపోతే టెలివిజన్ డబ్బు పోతుందనీ, మీరూ మునుగుతారనీ పెద్దలు భయపెట్టారు. కానీ తక్కిన జట్ల అభిమానులు, ఒప్పుకుంటే మేము టిక్కెట్లు కొనమని తమ క్లబ్బులకి తెగేసి చెప్పారు. పన్ను ఎగ్గొట్టినవాడికీ కట్టినవాడికీ ఒకే పీట వేస్తే ఎలా అన్నది వాళ్ళ ప్రశ్న. ఓట్లేస్తే 12 జట్లలో 10 వద్దన్నాయి. రేంజర్స్ నాలుగో మెట్టు నించి మొదలుపెట్టాల్సి వచ్చింది. అది కక్షా, న్యాయమా? ఇంటి గొడవల్లో లాగే రెండూ కలిసిపోయి, విడదీయడానికి రాని చోటది.

చిత్రమేమిటంటే, పేదరికం చూసి రేంజర్స్ జనం ఇల్లు కదలక మానలేదు. 2012 ఆగస్టు 18న నాలుగో తరగతి ఆట చూడడానికి 49,118 మంది వచ్చారు. అక్టోబరులో, ఆ తరగతిలో కూడా అట్టడుగున వున్న స్టిర్లింగ్ ఆల్బియన్ వాళ్ళ చేతిలో 1-0తో ఓడిపోయింది. ఆ రోజు స్టిర్లింగ్ మేనేజరు మైదానంలోనే లేడు, పీటల మీద వున్నాడు. పెళ్ళి ఆయనది! రేంజర్స్ 2016లో పై తరగతికి తిరిగి వచ్చింది, 2021లో ఒక్క ఆటా ఓడకుండా ఛాంపియనయింది. ఇది పాత క్లబ్బేనా, పేరు పెట్టుకున్న కొత్తదా అన్న తగువు మాత్రం ఈనాటికీ తెగలేదు. నడుమ నాలుగేళ్ళూ సెల్టిక్‌కి ఎదురు లేదు, గెలుస్తూనే వుంది. కానీ అత్త లేని కోడలు ఉత్తమురాలన్నట్టు, ఎదురు లేని గెలుపులో ఏం రుచి వుంటుంది?

2019 ఆగస్టులో బరీ అనే వూరి వంతు వచ్చింది. 1885 నాటి క్లబ్బు, 1900లోనూ 1903లోనూ ఎఫ్.ఎ. కప్పు గెలిచిన చరిత్ర. దాన్ని కూడా ఎవరో ఒక్క పౌనుకే కొన్నారు. ఒకనాటి ఆటగాడి కూతురు, ఒకప్పుడు ఆ క్లబ్బుకే డైరెక్టరుగా వున్నావిడ, మైదానం బయట నీళ్ళ గొట్టానికి తన చేతిని సంకెళ్ళతో కట్టేసుకుని కూచుంది. కొనేవాళ్ళు వస్తున్నారంటే జనం చీపుళ్ళు పట్టుకుని మైదానమంతా కడిగారు. కొనేవాళ్ళు వెనక్కి పోయారు. ఆగస్టు 27న లీగు బరీని బహిష్కరించింది. కొద్ది మైళ్ళ దూరంలోని పాత పోటీదారు బోల్టన్ కూడా అదే అంచున వుండి, మర్నాడు బతికిపోయింది. ఆ తరవాత బరీని పొగడనివాళ్ళు లేరు. చచ్చినవాడి కళ్ళు చారడేసి అంటారే, అదే ఇది. అభిమానులు 2022లో ఆ మైదానం కొనుక్కుని, తమలో తాము పోట్లాడుకుని, మళ్ళీ కలిసి, 2023లో కింది తరగతిలో ఆట మొదలుపెట్టారు.

మనకీ ఇలాంటి కథ లేకపోలేదు. పూనా జట్టు 2019లో మూతపడితే, ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. కప్పు తెచ్చింది. ఆపైన జీతాలు బకాయిపడి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఆరేళ్ళ కాపురంలో దానికి గట్టి పగవాడు ఏర్పడే వ్యవధి ఎక్కడుంది? పగ పెరగాలన్నా కొన్ని తరాలు ఎదురెదురుగా బతకాలి గదా.

బ్రైటన్ సంగతి చెప్పి ముగిస్తాను. మైదానం పోయాక రెండేళ్ళు డెబ్భై మైళ్ళ అవతల పరాయి వూళ్ళో అద్దెకి ఆడారు. తర్వాత పన్నెండేళ్ళు పరుగుపందేల కోసం కట్టిన చిన్న స్టేడియంలో తలదాచుకున్నారు. 2011లో సొంత ఇల్లు కట్టుకున్నారు, 2017లో అన్నిటికన్నా పై మెట్టు ఎక్కారు. అక్కడ వాళ్ళకి ఎదురుపడిందెవరు? 1999లో ఒకసారీ, 2010లో ఒకసారీ తామూ దివాలా అంచు చూసి బయటపడ్డ క్రిస్టల్ పాలెస్ వాళ్ళు. ఇద్దరూ బతికి బట్టకట్టి, పై మెట్టు మీద మళ్ళీ ఎదురెదురుగా నిలబడ్డారు. నిలబడి ఏం చేశారంటారా? ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు, తనివితీరా.